మంచు మూత మీద బండి

అనంతపురం జిల్లాలో చెరువు ఏడాదిలో ఎక్కువ నెలలు ఒక దారి. సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయే చోట చెరువులో నీళ్లు నిలిచే రోజులు తక్కువ, నెర్రెలిచ్చిన మట్టి కనిపించే రోజులు ఎక్కువ. కట్ట చుట్టూ తిరిగి పోవాల్సిన ఊరికి చెరువు మధ్యలోంచి అడ్డంగా బండి మీద పోతారు. పిల్లలు అందులోనే క్రికెట్ ఆడతారు. ఎండాకాలం వస్తే ట్రాక్టర్లు దిగి ఒండ్రుమట్టి తోలుకుపోతాయి. కడప దగ్గర పెన్నా ఇసుకలో, కర్నూలు దగ్గర హంద్రీ ఇసుకలో నడిచి పెరిగినవాళ్లకూ ఇదే అలవాటు. నీళ్లు కంటికి కనపడకపోతే అది చదునైన నేల, చదునైన నేల ఉంటే అడ్డదారి ఉన్నట్టే.

ఈ అలవాటుతో పెరిగిన పిల్లలు చాలామంది ఇప్పుడు అమెరికా, కెనడాల్లోని మిన్నెసోటా, మిషిగన్, విస్కాన్సిన్, ఒంటారియో లాంటి చోట్ల చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. జనవరిలో అక్కడి సరస్సు ఒడ్డున నిలబడితే కళ్లముందు తెల్లటి మైదానం. చెట్టు లేదు, గట్టు లేదు, కనుచూపు మేర ఒకటే చదును. ఒడ్డునే మంచు మీద నడిపే బండి, స్నోమొబైల్, అద్దెకిచ్చే షాపు. మన కంటికి అది ఎండిన చెరువులాగే కనిపిస్తుంది. ప్రమాదం మొదలయ్యేది ఈ పోలిక దగ్గరే. ఎండిన చెరువులో నీళ్లు ఉండవు. గడ్డకట్టిన సరస్సులో నీళ్లన్నీ అలాగే ఉంటాయి, పైన మూత పడుతుంది, అంతే. ఆ మూత ఎంత మందం ఉందో, ఎక్కడ పలచబడిందో పైనుంచి చూస్తే తెలియదు.

చలిదేశం సంగతి మనకెందుకులే అనుకోవడానికి లేదు. 2022 డిసెంబర్ 26న అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ఉడ్స్ కాన్యన్ లేక్ అనే సరస్సు మీద నడుస్తుండగా మంచు విరిగి ముగ్గురు తెలుగువాళ్లు చనిపోయారు. అరిజోనా అంటే ఎడారి రాష్ట్రం, ఎండల్లో అనంతపురాన్ని మించిన చోటు. ఆ సరస్సు మాత్రం ఏడువేల అడుగుల పైచిలుకు ఎత్తులో, కొండల మీద ఉంది. వాళ్లు బండి మీద కూడా లేరు, కాలినడకన వెళ్లారు. నడిచే మనిషి బరువుకే విరిగిన మంచు మీదికి 250 కేజీల బండి వస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

స్నోమొబైల్ అంటే ముందు మంచు మీద జారే రెండు పొడుగాటి స్కీలు, వెనక ట్రాక్టరు చెయిన్‌లా తిరిగే రబ్బరు బెల్టు, పైన బైక్ లాంటి సీటు, హ్యాండిల్. కెనడాలోని క్విబెక్‌కు చెందిన జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే 1930లలో మంచు మీద నడిచే పెద్ద బండ్లు తయారు చేశాడు. 1959లో ఆయన కంపెనీ తెచ్చిన చిన్న బండి స్కీ-డూతో ఇది ఇంటింటి వాహనమైంది. ఊళ్ల మధ్య రోడ్లు మంచుతో మూసుకుపోయే చోట ఇది అవసరం. మిగతా చోట్ల సరదా, వేగం. గంటకు 150 కిలోమీటర్లు దాటే మోడళ్లు మామూలుగా దొరుకుతాయి. బరువు 200 నుంచి 300 కేజీల దాకా ఉంటుంది. మన రోడ్ల మీద తిరిగే 350 సీసీ బుల్లెట్ సుమారు 195 కేజీలు. అంటే బుల్లెట్ కంటే బరువైన బండిని, బుల్లెట్ కంటే వేగంగా, కింద ఏముందో చూడకుండా నీళ్ల మూత మీద నడపడం అన్నమాట.

ఈ మూత ఎలా పడుతుందో తెలిస్తే ఎక్కడ పలచగా ఉంటుందో చాలావరకు ఊహించవచ్చు. నీళ్లకు ఒక వింత గుణం ఉంది. చల్లబడేకొద్దీ బరువెక్కుతూ 4 డిగ్రీల దగ్గర అత్యంత బరువుగా ఉంటాయి. ఇంకా చల్లబడితే మళ్లీ తేలికవుతాయి. అందుకని శీతాకాలం వచ్చేసరికి 4 డిగ్రీల నీళ్లు అడుగుకు చేరతాయి, అంతకంటే చల్లనివి పైన తేలి గడ్డకడతాయి. మంచుగడ్డ నీళ్లకంటే సుమారు 8 శాతం తేలిక కాబట్టి మునగదు. అడుగున మాత్రం ఆ నీళ్లు గడ్డకట్టే స్థాయి కంటే వెచ్చగానే ఉంటాయి. ఆ వెచ్చదనం చలికాలమంతా పైకి పాకుతూనే ఉంటుంది. బయటి చలి మంచును మందం చేయాలని చూస్తుంటే, కింది నీళ్లు దాన్ని కరిగించాలని చూస్తుంటాయి. ఏ చోట ఏది గెలుస్తోందన్న దాన్ని బట్టి ఆ చోట మందం తేలుతుంది.

ఇందులో పైనుంచి కురిసే మంచు పాత్ర తలకిందులుగా ఉంటుంది. కడపలో మే నెల ఎండలో చెరుకు రసం బండి దగ్గరికి ఐస్ ఫ్యాక్టరీ నుంచి వచ్చే ఐస్ దిమ్మను చూడండి. దాని మీద రంపపు పొట్టు చల్లి గోనెసంచి కప్పుతారు. పొట్టు చల్లగా ఉంటుందని కాదు. బయటి వేడిని లోపలికి పోనివ్వదని. సరస్సు మంచు మీద పడిన మెత్తటి మంచు కూడా ఆ పొట్టు లాంటిదే. అక్కడ అది బయటి చలిని లోపలికి పోనివ్వదు. చలి తగలక కింది మంచు మందం పెరగడం ఆగిపోతుంది. అందుకే రాత్రంతా మంచు బాగా కురిసింది కదా, సరస్సు ఇంకా గట్టిపడి ఉంటుందిలే అనుకోవడం పొరపాటు. మంచు పేరుకున్న చోటే మూత పలచగా ఉండే అవకాశం ఎక్కువ.

అదే ఐస్ దిమ్మ ఇంకో సంగతి కూడా చూపిస్తుంది. అంచుల్లో అది అద్దంలా తేటగా ఉంటుంది, నడిమధ్యలో బుడగలు చిక్కుకుని తెల్లగా ఉంటుంది. సరస్సు మీద కూడా ఈ రెండు రకాలూ ఉంటాయి. నిశ్చలంగా, గట్టి చలికి నెమ్మదిగా కట్టిన మంచు తేటగా, కాస్త నీలంగానో నల్లగానో కనిపిస్తుంది. ఇది గట్టిది. పైన పడిన మంచు తడిసి, మళ్లీ గడ్డకట్టి ఏర్పడినది తెల్లటి మంచు. దీని బలం తేట మంచులో సగం అని లెక్కేస్తారు. బూడిదరంగులోకి తిరిగిందంటే లోపల నీళ్లు చేరినట్టు. దాని దరిదాపులకు పోకూడదు. దిమ్మ సగం కరిగాక సుత్తితో చిన్న దెబ్బ వేస్తే నిలువుగా పుల్లలు పుల్లలుగా విడిపోతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎండ తగిలిన సరస్సు మంచూ అంతే. అడుగున్నర మందం ఉన్నా నిలువు పుల్లల కట్టలా లోపల వదులైపోతుంది. కొలిస్తే మందంగానే ఉంటుంది, బరువు మోపితే ఆగదు.

మందం విషయంలో మిన్నెసోటా ప్రకృతి వనరుల శాఖ లాంటి సంస్థలు చెప్పే లెక్క ఒకటుంది. తేటగా, కొత్తగా కట్టిన మంచు మనిషి నడవడానికి కనీసం 4 అంగుళాలు ఉండాలి. స్నోమొబైల్‌కు 5 నుంచి 7 అంగుళాలు. చిన్న కారుకు 9, 10. తెల్లటి మంచైతే దీనికి రెట్టింపు. మంచు మోసే బరువు దాని మందపు వర్గాన్ని బట్టి ఉంటుంది. మందం రెట్టింపైతే నాలుగింతల బరువు మోస్తుంది, సగమైతే నాలుగో వంతే మోస్తుంది. 6 అంగుళాలున్న చోటు నుంచి 3 అంగుళాలున్న చోటికి బండి పోయిందంటే మూత బలం సగం కాదు, నాలుగో వంతుకు పడిపోయింది. పైన నడిపేవాడికి మాత్రం అంతా ఒకటే తెలుపు.

ఆ లెక్క చెప్పే సంస్థలే నూటికి నూరుపాళ్లు భద్రమైన మంచు అనేది లేదని కూడా చెబుతాయి. ఈ మాటను మర్యాదకు రాసిన హెచ్చరికగా తీసిపారేయకూడదు. అనంతపురం రైతుకు దీన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పక్క పొలంలో 300 అడుగులకే నీళ్లు పడ్డాయని ఇక్కడ బోరు వేస్తే, 800 అడుగులు దిగినా దుమ్మే వస్తుంది. రెండు బోర్ల మధ్య దూరం యాభై అడుగులు కూడా ఉండదు. ఒక బోరు ఆ బోరు సంగతే చెబుతుంది, పక్కదాని సంగతి చెప్పదు. సరస్సు మంచుకు రంధ్రం వేసి మందం కొలవడం కూడా ఇంతే. ఒడ్డు దగ్గర 10 అంగుళాలుంటే, యాభై అడుగుల అవతల 2 అంగుళాలు ఉండొచ్చు. అందుకే తెలిసినవాళ్లు నడుస్తూ, పోయేకొద్దీ కొలుస్తారు. స్నోమొబైల్ మీద కూర్చున్నవాడు ఆ పని చేయలేడు. ఒక్క నిమిషంలో కిలోమీటరు దాటే బండికి అడుగడుగునా రంధ్రం వేసి చూసుకునే తీరిక ఎక్కడిది? నడిచేవాడికి ఉన్న ఒకే ఒక్క రక్షణ, అనుమానం వస్తే ఆగి వెనక్కి తిరగడం. బండి వేగం ఆ రక్షణను తీసేస్తుంది. మిగతా ప్రమాదాలన్నీ చాలావరకు దీని పిల్లలే.

పలచటి చోట్లు గుడ్డిగా ఎక్కడపడితే అక్కడ ఉండవు. చెరువు నిర్మాణం తెలిసిన మనిషి అవి ఎక్కడుంటాయో పట్టుకోగలడు. రాయలసీమ పల్లెలో చెరువు గురించి అడిగితే ముందు వంక ఎటునుంచి వస్తుందో చెబుతారు, తర్వాత తూము, మరవ ఎక్కడున్నాయో చెబుతారు. చలిదేశపు సరస్సు ముందు కూడా ఇవే ప్రశ్నలు వేసుకోవాలి. వంక కలిసే చోట పారే నీళ్లు మంచును కింద నుంచి కోస్తూనే ఉంటాయి. మరవలా నీళ్లు బయటికి పోయే చోటా అంతే. ఎంత చలి కాసినా పారే నీటి మీద మంచు నమ్మదగినది కాదు. రెండు కొండల మధ్య సరస్సు ఇరుకైన చోట అడుగున ప్రవాహం వేగం పెరుగుతుంది, అక్కడా పలచనే. అడుగున ఊటలుంటే పైన ఏ గుర్తూ లేకుండా గుండ్రటి పలచటి మచ్చ ఏర్పడుతుంది. ఒడ్డున పడవలు కట్టే చెక్క వంతెనల దగ్గర మంచు గుంజలను పీకేయకుండా గాలి బుడగలు వదిలే మెషీన్లు పెడతారు. ఆ చుట్టుపక్కల మంచు ఉన్నా పేరుకే.

తూము సంగతి వేరే చెప్పుకోవాలి. జలాశయాల్లో కరెంటు కోసమో, తాగునీటి కోసమో శీతాకాలంలోనూ నీళ్లు వదులుతారు. పైన మంచు పలక అలాగే ఉంటుంది, కింద నీటిమట్టం దిగుతుంది. ఒడ్డు దగ్గర పలకకు, నీటికి మధ్య ఖాళీ ఏర్పడుతుంది. మంచు బరువు మోసేది ఎక్కువగా కింది నీటి ఆసరాతోనే. ఆ ఆసరా పోతే అది గోడల మీద ఆనించిన పలచటి బండ లాంటిది. మందం సరిపోయినా విరుగుతుంది. మనిషి కట్టిన జలాశయం మీద బండి నడపకపోవడమే మేలని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

పెద్ద సరస్సుల్లో మంచు పలకలు చలికి కుంచించుకుపోయి పగుళ్లిస్తాయి, వెచ్చబడితే వ్యాకోచించి ఒకదాన్నొకటి తోసుకుని గట్లలా పైకి లేస్తాయి. ఆ గట్టు పక్కనే నీళ్లు తేలి ఉంటాయి. పగలు ఎవరైనా చూసుకుని తప్పుకుంటారు. రాత్రి వేగంగా వచ్చే బండికి ఆ గట్టు గోడ. జపాన్‌లోని సువా సరస్సు మీద ఇలా లేచే మంచు గట్టును దేవుడు నడిచిన దారిగా భావించి, 1443 నుంచి పూజారులు ఏటా రాసి పెడుతూ వచ్చారు. ఇటీవలి ఏళ్లలో ఆ సరస్సు చాలా శీతాకాలాలు పూర్తిగా గడ్డకట్టకుండానే పోతోంది. అమెరికాలో మెండోటా సరస్సుకు 1850ల నుంచి లెక్కలున్నాయి. అక్కడ మంచు నిలిచే కాలం దాదాపు నెల రోజులు తగ్గింది. అంటే తాతల కాలంలో డిసెంబరులో సరస్సు దాటేవాళ్లన్న మాట ఈనాటి డిసెంబరుకు పనికిరాదు. స్థానికులే పాత లెక్కతో దిగి మునుగుతున్న రోజులివి. కొత్తగా వెళ్లినవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఇక వేగం సంగతి. నున్నటి మంచు మీద స్నోమొబైల్ చక్కగా పోతుందనుకుంటారు. నిజానికి దాని కష్టం అక్కడే. స్కీల కింద ఉండే ఇనుప బద్దలు మెత్తటి మంచులో దిగబడితేనే బండి తిరుగుతుంది. అద్దంలాంటి మంచు మీద హ్యాండిల్ తిప్పినా బండి నేరుగానే జారుతుంది. బ్రేక్ వేస్తే వెనక బెల్టు ఆగుతుంది, బండి ఆగదు. చాలా మోడళ్లలో ఇంజిన్ చల్లబడాలంటే బెల్టు ఎగజిమ్మే మంచుపొడి కింది రేడియేటర్ మీద పడాలి. పొడి లేని నున్నటి మంచు మీద కొద్ది దూరం పోయేసరికి ఇంజిన్ వేడెక్కిపోతుంది. సరస్సు నడిబొడ్డున, చీకటి పడే వేళకు బండి ఆగిపోతే అది వేరే ప్రమాదం.

రాత్రిపూట లెక్క ఇంకా కఠినం. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. ఎదురుగా నల్లటి మడుగు కనిపించి, అది నీళ్లని మెదడుకు తట్టి, చెయ్యి బ్రేక్ నొక్కేసరికి ఒకటిన్నర సెకను పడుతుంది. 33 మీటర్లు అక్కడే అయిపోయాయి. మామూలు హెడ్‌లైట్ వెలుగు స్పష్టంగా పడేది 60 మీటర్ల దాకా. మిగిలిన 27 మీటర్లలో, జారే మంచు మీద ఆ బండి ఆగదు. లైటు వెలుగులో కనిపించిందంటే అప్పటికే అందులో పడినట్టు. మిన్నెసోటాలో ప్రభుత్వ భూములు, నీళ్ల మీద స్నోమొబైల్ వేగపరిమితి గంటకు 50 మైళ్లు, అంటే దాదాపు ఇదే 80 కిలోమీటర్లు. చట్టం ఒప్పుకున్న వేగం కూడా రాత్రి సరస్సు మీద ఎక్కువే. మద్యం తాగి నడిపితే ఆ ఒకటిన్నర సెకను ఇంకా సాగుతుంది.

వేగానికి ఇంకో ముఖం ఉంది, అది కంటికి కనిపించదు. మంచు పలక మీద బరువు కదిలితే పలక కొద్దిగా కిందికి వంగుతుంది. దాంతో కింది నీళ్లలో ఒక అల పుట్టి బండితో పాటే సాగుతుంది. బండి వేగం ఆ అల వేగంతో కలిసిందంటే అల పెరిగి పెరిగి మంచును విరగ్గొడుతుంది. లోతు తక్కువున్న నీళ్లలో ఈ అల నెమ్మదిగా నడుస్తుంది. 5 మీటర్ల లోతులో సుమారు గంటకు 25 కిలోమీటర్లు, 10 మీటర్లలో సుమారు 35. రెండో ప్రపంచ యుద్ధంలో లెనిన్‌గ్రాడ్ దిగ్బంధంలో ఉన్నప్పుడు, 1941-42 శీతాకాలంలో లడోగా సరస్సు మంచు మీదుగా లారీల్లో ఆ నగరానికి ఆహారం తరలించారు. లారీలు మునుగుతుంటే సోవియట్ శాస్త్రవేత్తలు మంచు ఊగిసలాటను కొలిచి ఏ వేగంలో పోవాలో, ఎంత ఎడం పాటించాలో నిర్ణయించాల్సి వచ్చింది. స్నోమొబైల్ లారీ అంత బరువుండదు, దాని అల కూడా చిన్నదే. కానీ ఒడ్డు దగ్గరపడేకొద్దీ లోతు తగ్గుతుంది, అల ఒడ్డుకు కొట్టి వెనక్కి తిరుగుతుంది. అప్పటికే పలచగా ఉన్న అంచు మంచు మీద అది అదనపు భారం. ఒడ్డెక్కేసే తొందరలో వేగం పెంచడం అందుకే తప్పు.

ఇవన్నీ తెలిసినవాళ్లు కూడా ఫొటో దగ్గర మోసపోతారు. ఐదుగురు స్నేహితులు ఐదు బండ్లు అద్దెకు తీసుకుంటారు. నడిసరస్సులో అందరూ ఒక్కచోటికి చేరి బండ్లు ఆపి గ్రూప్ ఫొటో దిగుతారు. ఒక్కో బండి, మనిషి కలిపి 330 కేజీలు వేసుకున్నా ఐదూ కలిస్తే 1,650 కేజీలు. అది కారు బరువు. ఒక్కొక్కరుగా దాటడానికి సరిపోయిన 6 అంగుళాల మంచు కారును మోయదు. పైగా ఆగి ఉన్న బరువు కింద మంచు నెమ్మదిగా కుంగుతూనే ఉంటుంది. బండ్ల చుట్టూ నీళ్లు ఊరడం మొదలైతే విడివిడిగా, మెల్లగా కదలాలి. అందరూ ఒక్కసారి థ్రాటిల్ (వేగం పెంచే మీట) నొక్కకూడదు.

ఇంకో మోసం ముందు పోయినవాళ్ల జాడ. మంచు మీద బెల్టు గుర్తు కనిపిస్తే ఎవరో దాటారు కదా, మనమూ దాటొచ్చని ధైర్యం వస్తుంది. వేగంగా పోయే స్నోమొబైల్ కొంతదూరం విడి నీళ్ల మీద కూడా మునగకుండా జారిపోగలదు. దాన్నే ఒక సాహసంగా చేసేవాళ్లున్నారు. కాబట్టి బండి జాడ ఉన్నంత మాత్రాన ఆ చోట మంచు ఉందనడానికి అది రుజువు కాదు. నిన్నటి జాడ నిన్నటి మంచుది. అంతెందుకు, ఆ జాడ అవతలి ఒడ్డుకు చేరిందో లేదో కూడా ఇవతలి ఒడ్డున నిలబడితే తెలియదు.

బురదమంచు గురించి కొత్తవాళ్లకు అసలు తెలియదు. పైన మంచు బాగా పేరుకుంటే ఆ బరువుకు పలక కిందికి దిగుతుంది, పగుళ్లలోంచి నీళ్లు పైకి ఎక్కి మంచుపొడి కింద మడుగు కడతాయి. పైన పొడి దుప్పటిలా ఉండటం వల్ల బయట మైనస్ 20 డిగ్రీలున్నా ఆ నీళ్లు గడ్డకట్టవు. చెరువులో ఒండ్రుమట్టి కోసం దిగిన ట్రాక్టరు పైన ఆరినట్టున్న పొర కింద బురదలో కూరుకుపోవడం చూసినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. ఒక తేడా ఉంది. ట్రాక్టరును మర్నాడు ఇంకో ట్రాక్టరు పెట్టి లాగొచ్చు. ఇక్కడ దిగి తోసేసరికి బూట్లు తడుస్తాయి, బండి బెల్టుకు పట్టిన నీళ్లు గాలి తగలగానే రాయిలా బిగుసుకుంటాయి. మునగకపోయినా తడికాళ్లతో కిలోమీటర్ల దూరం ఆ చలిలో నడవాలి.

మంచు విరిగి నీళ్లలో పడితే ఏమవుతుందో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఏళ్ల తరబడి పరిశోధించారు. తానే మంచునీళ్లలో దిగి మరీ చూపించారు. ఆయన మాటగా ప్రచారంలో ఉన్న సూత్రం ఒక నిమిషం, పది నిమిషాలు, ఒక గంట. మొదటి నిమిషం ఊపిరిది. చల్లటి నీళ్లు తగలగానే ఎవరికైనా నోరు తెరుచుకుని ఊపిరి ఎగదన్నుతుంది, మన చేతుల్లో ఉండదు. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే నీళ్లే లోపలికి పోతాయి. తర్వాత కుక్కలా ఎగశ్వాస వస్తుంది. ఈ నిమిషంలో చేయాల్సింది ఒక్కటే, ముఖం పైన ఉంచి ఊపిరి కుదుటపడేదాకా ఆగడం. తర్వాతి పది నిమిషాలు చేతులు, కాళ్లు మాట వింటాయి. బయటపడే పని ఆలోపే జరగాలి. ఆ తర్వాత వేళ్లు బిగుసుకుని ఏదీ పట్టుకోలేవు. ఒంటి వేడి పడిపోయి స్పృహ తప్పడానికి మాత్రం దాదాపు గంట పడుతుంది. చలికి వెంటనే చచ్చిపోతామన్న భయంతో చాలామంది మొదటి నిమిషంలోనే కొట్టుకుని మునుగుతారు. గంట ఉందని తెలిస్తే ఆ టెన్షన్ కొంత తగ్గుతుంది. ఈతగాళ్లు కూడా ఈ నీళ్లలో మునుగుతారు. సుంకేసుల కాలువలో ఈదిన ధైర్యం ఇక్కడ సాయపడదు, ఊపిరి కుదిరేదాకా ఈత అనేదే సాధ్యం కాదు.

బయటికి రావాలంటే ముందు వచ్చిన వైపుకే తిరగాలి. అటువైపు మంచు కాసేపటి కిందటి దాకా మోసింది, ఎదుటి వైపు సంగతి తెలియదు. మోచేతులు మంచు అంచు మీద ఆనించి, కాళ్లు వెనక్కి చాచి ఈదినట్టు తన్నుతూ, శరీరాన్ని అడ్డంగా చేసుకుని పొట్ట మీద పైకి జారాలి. అంచు విరిగితే మళ్లీ ముందుకు జరిగి మళ్లీ ప్రయత్నించాలి. పైకి వచ్చాక లేచి నిలబడితే మళ్లీ పడతాం. దొర్లుకుంటూనో పాకుకుంటూనో గట్టి చోటికి చేరాలి. నున్నటి తడిమంచు మీద ఒట్టి చేతులకు పట్టు దొరకదు. అందుకే అక్కడివాళ్లు రెండు చెక్క పిడులకు మేకుల్లాంటి ఇనుప ములుకులు బిగించి, తాడుతో మెడలో వేసుకుంటారు. ఆ ములుకులు మంచులో గుచ్చి తమను తాము లాక్కుంటారు. జేబులో పెట్టుకుంటే గ్లోవ్స్ తొడిగిన చేతికి అందవు, మెడలోనే ఉండాలి. మునగకుండా తేల్చే సూట్లు కూడా అమ్ముతారు. అద్దె షాపులో హెల్మెట్‌తో పాటు ఈ రెండూ అడగాలి, లేవంటే ఆ షాపు వాళ్లు సరస్సు మీదికి పొమ్మన్నా పోకూడదు.

స్నేహితుడు పడిపోతే మిగతావాళ్లు పరుగెత్తుకుపోవడం సహజం. రెండో మనిషి, మూడో మనిషి చనిపోయేది అలాగే. గట్టి చోట పొట్ట మీద పడుకుని తాడో, పొడుగాటి కర్రో, జాకెట్లు ముడేసి ఒక కొసో అందించాలి. అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ అంతకంటే ముందే కొట్టాలి. బయటికి తీసిన మనిషిని పడుకోబెట్టే ఉంచాలి, నడిపించకూడదు, చేతులు కాళ్లు రుద్దకూడదు. గడ్డకట్టిన కాళ్లూ చేతుల్లోని చల్లటి రక్తం ఒక్కసారి గుండెకు చేరితే గుండె లయ తప్పుతుంది. తడిబట్టలు తీసి పొడి దుప్పట్లు చుట్టాలి. ఊపిరి ఆగినట్టున్నా ఆశ వదలకూడదు. 1999లో నార్వేలో ఒక మహిళా డాక్టరు మంచు కింద 80 నిమిషాలు చిక్కుకుపోయింది, ఒంటి వేడి 13.7 డిగ్రీలకు పడిపోయింది. ఆసుపత్రిలో ఆమెను నెమ్మదిగా వెచ్చబరిచి బతికించారు. చలి మెదడును కాపాడుతుంది కాబట్టే, పూర్తిగా వెచ్చబడేదాకా మరణాన్ని నిర్ధారించరు.

దూరం పోనవసరం లేదు, మన దేశంలోనూ ఈ ప్రశ్న వస్తుంది. కర్నూలు, కడపల నుంచి కశ్మీర్, హిమాచల్ ప్యాకేజీలకు వెళ్లేవాళ్లున్నారు. కశ్మీర్‌లోని గుల్‌మర్గ్‌లో, హిమాచల్‌లోని సోలాంగ్‌లో స్నో స్కూటర్లు ఎక్కించేది కొండవాలు మంచు మీద, కింద నేల ఉంటుంది. దాల్ సరస్సు గట్టి చలికి గడ్డకడితే దాని మీద నడవొద్దని శ్రీనగర్ అధికారులు హెచ్చరిస్తుంటారు. ఈ రెండింటినీ ఒకటే మంచు ఆట అనుకోకూడదు.

అమెరికా, కెనడాల్లో అయితే చట్టం కొంత రక్షణ ఇస్తుంది. మిన్నెసోటాలో 1976 తర్వాత పుట్టిన స్థానికులు స్నోమొబైల్ నడపాలంటే భద్రతా శిక్షణ సర్టిఫికెట్ ఉండాలి. టూరిస్టుగా వచ్చి గంట అద్దెకు తీసుకునేవాళ్లకు పది నిమిషాల పరిచయంతో తాళం చేతికిచ్చే చోట్లు ఎక్కువ. ఆ పది నిమిషాల్లో థ్రాటిల్, బ్రేక్ చూపిస్తారు. ఆ వారం సరస్సులో మంచు ఎలా ఉందో చెప్పే మనిషి వేరే ఉంటాడు. ఒడ్డున చేపల ఎర అమ్మే చిన్న దుకాణం వాడు. మంచుకు రంధ్రాలు వేసి చేపలు పట్టేవాళ్లు రోజూ అక్కడికొచ్చి ఎక్కడ ఎన్ని అంగుళాలుందో, వంక వైపు ఎక్కడ బూడిదరంగుకు తిరిగిందో మాట్లాడుకుంటారు. అడిగితే చెబుతారు. అడవిలోంచి, ఒడ్డు వెంట గుర్తులు పాతిన దారులుంటే వాటి మీదే పోవచ్చు. వేగం అక్కడా ఉంటుంది, కింద నేల ఉంటుంది.

ఇక్కడ ధర్మవరంలోనో ప్రొద్దుటూరులోనో కూర్చుని వీడియో కాల్‌లో తెల్లటి మైదానం చూసే తల్లిదండ్రులు సాధారణంగా అడిగేది చలి సంగతి, స్వెట్టర్ సంగతి. చెరువు చూసిన ప్రతి మనిషికీ తెలిసిన ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. మందమెంత ఉంది, ఎవరు కొలిచారు, ఈరోజు కొలిచారా, వంక ఎటు కలుస్తుంది, మరవ ఎటుంది. అవతల ఫోన్ పట్టుకున్నవాడికి వాటికి జవాబు తెలియకపోతే, బండి ఒడ్డునే ఆపి ఆ ఎర దుకాణం దాకా నడిచి వెళ్లి అడిగి రమ్మనాలి.